ఎండయు ఎముకయు

నాలుగు సంవత్సరములక్రిందట మా తల్లిగారు కృష్ణాతీరమునందలి స్వగ్రామమును విడిచి, ఢిల్లీలో మా క్వార్టరునకు వచ్చి మాతో ఉండసాగిరి. అరువదియెనిమిదేండ్ల వయస్సున కూడ బిందె చంకనెత్తుకొని నడువగల మనిషి. అట్టి యామెకు ఇచ్చట రెండవ శీతకాలమున నడుమునొప్పి మొదలయ్యెను. తరువాత తొడల యెముకలలో పోటు, మెట్లెక్కునపుడు ఆయాసము. పీటమీదనుండి లేచుటకు గోడను పట్టుకొనవలసివచ్చెను. వార్ధక్యమని మేమనుకొంటిమి. నెలలు గడచిన పిదప రక్తపరీక్ష చేయించి వైద్యుడు నవ్వుచు చెప్పిన మాట మాకు విడ్డూరముగ తోచెను: "మాతాజీ, మీకు ఎండ చాలలేదు."

ఇంటికి వచ్చుచు త్రోవలో ఆమె నాతో ననెను: "ఎండలో పుట్టి ఎండలో పెరిగినదాన్ని. వరినాట్లు, కుప్పనూర్పిళ్ళు అన్నీ ఎండలోనే కదుట్రా అబ్బాయీ! నాకు ఎండ తక్కువైందనటమేమిటి?"

ఆ ప్రశ్నకు అప్పుడు నాయొద్ద సమాధానము లేదు. దానిని వెదకబోయి, మానవజాతి మూడువందల యేండ్లపాటు ఇదే ప్రశ్నను ఎన్ని విధముల వేసికొన్నదో తెలిసికొంటిని. చర్మము ఎండనుండి ఎముకకు వలయు పదార్థమును తయారుచేసికొనునను సత్యము ఒక్కరోజున ఒక్కరికి తోచినది కాదు. ఆ చరిత్రను మన సమాజ సభ్యులకు సంగ్రహముగ నివేదించుటయే ఈ వ్యాసోద్దేశము.

పొగ క్రమ్మిన నగరముల వ్యాధి

పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో శిశువులకు ఒక వ్యాధి ప్రబలుచుండెను. దానికి రికెట్స్ అని పేరు. ఈ వ్యాధి సోకిన బిడ్డ ఎముకలు గట్టిపడవు. నడకవచ్చు వయస్సున శరీరభారమునకు కాళ్ళు విల్లువలె వంగును, మణికట్లు ఉబ్బును, ప్రక్కటెముకల చివర పూసలదండవంటి బొడిపెలు తేలును. 1645లో డేనియల్ విస్లర్ అను యువకుడు లైడెన్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన వైద్యసిద్ధాంతవ్యాసమున దీనిని వర్ణించెను. 1650లో ఫ్రాన్సిస్ గ్లిస్సన్ అను కేంబ్రిడ్జి ఆచార్యుడు ఈ వ్యాధినిగూర్చి విపులమైన గ్రంథమునే ప్రకటించెను. లక్షణములు తెలిసినవి, కారణము మాత్రము తెలియలేదు.

పారిశ్రామిక విప్లవముతో వ్యాధి మరింత పెరిగెను. బొగ్గుపొగ ఆకాశమును కప్పివేసెను. ఇరుకు సందులలో ఎత్తైన యిండ్లు వెలసెను. మిల్లులలో పనిచేయు తల్లులు బిడ్డలను చీకటిగదులలో విడిచిపోవుచుండిరి. 1822లో విల్నో నగరమునందలి వైద్యుడు యెంజెయ్ శ్నియదెత్స్కి ఒక విషయమును గమనించెను. పట్టణపు బిడ్డలలో విరివిగ కనిపించు ఈ వ్యాధి పల్లెబిడ్డలలో అరుదుగ నుండెను. రోగగ్రస్తులైన బిడ్డలను ఆరుబయటికి గొనిపోయి ఒడలికి ఎండ తగులనిండని ఆయన బోధించెను. ఆ మాట లోకము చెవినిబడలేదు. అంత కఠినమైన వ్యాధికి అంత చౌకయైన మందా యని వైద్యులు నమ్మకపోయిరి కాబోలును!

ఇంతలో ఉత్తరసముద్రతీరముల బెస్తవారి ఇండ్లలో మరియొక మందు వాడుకలో నుండెను. అది కాడ్ అను చేప కాలేయమునుండి తీసిన నూనె. దుర్వాసనగల ఆ నూనెను పసిబిడ్డలచే త్రాగించిన రికెట్స్ తగ్గుచుండెను. పారిస్ నగర వైద్యుడు ఆర్మాన్ త్రూసో పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున చేపనూనెను, ఎండను, రెండింటిని సిఫారసు చేసెను. చేపనూనెకును ఎండకును సంబంధమేమో మాత్రము ఎవ్వరును చెప్పజాలకుండిరి. ఈ రెండు త్రోవలు ఒక్కచోట కలియుటకు ఇంకను చాలకాలము పట్టెను.

ఒక వైద్యుని లేఖలు

థియోబాల్డ్ పామ్ అను బ్రిటిష్ వైద్యుడు కొన్నియేండ్లు జపాను దేశమున నీగాట పట్టణమున మిషనరీ వైద్యుడుగ పనిచేసెను. ఆ దేశమున ఆయనకు రికెట్స్ కనబడలేదు. స్వదేశమునకు మరలివచ్చి ఉత్తర ఇంగ్లండున వైద్యమారంభింపగ, వంగిన కాళ్ళతో నడుచు బిడ్డలు వీథివీథిని కనబడిరి. ఆయన ఆశ్చర్యపడి ఊరకుండలేదు. చైనా, సింహళము, ఇండియా మొదలగు దేశములయందున్న తోటి మిషనరీ వైద్యులకు లేఖలు వ్రాసి, మీమీ ప్రాంతముల ఈ వ్యాధి కలదా యని విచారించెను. వచ్చిన ప్రత్యుత్తరములను దగ్గరపెట్టుకొని చూడగ, బీదరికము, మురికి, చాలీచాలని తిండి తూర్పుదేశములయందును కలవు. అయినను వ్యాధి అరుదు. ఇంగ్లండు నగరములందు లేక ఆ దేశములందు సమృద్ధిగ నున్నది ఒక్కటే, ఎండ. 1890లో ప్రకటించిన వ్యాసమున పామ్ వైద్యుడు ఈ సంగతిని స్పష్టముగ వ్రాసెను. బిడ్డలకు సూర్యస్నానము చేయింపవలెనని సూచించెను.

ప్రయోగశాల లేదు, పరికరములు లేవు. ఉన్నవి లేఖలు, తపాలాబిళ్ళలు, శ్రద్ధగ చూచు కన్నులు మాత్రమే. ఆ మాత్రపు సామగ్రితోనే ఒక మహాసత్యపు గడపవరకు పోవచ్చునని ఈ వైద్యుని చరిత్ర చాటుచున్నది. కాగితములతోనే బ్రతుకు గడుపు మనబోటి ఉద్యోగులకు ఈ కథ ప్రత్యేకముగ హృద్యమని నా విశ్వాసము.

ఆహారమా? ఎండయా?

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఈ వ్యాధినిగూర్చి పండితులలో రెండు పక్షము లేర్పడెను. గ్లాస్గో నగరమున లియొనార్డ్ ఫిండ్లే మున్నగువారు, నిర్బంధ జీవనము, గాలి వెలుతురు లేని ఇండ్లు కారణమనిరి. లండనున ఎడ్వర్డ్ మెలన్‌బీ ఆహారమే కారణమనెను. మెలన్‌బీ కుక్కపిల్లలను ఇంటిలోపలనే ఉంచి, ఓటుధాన్యపు గంజివంటి ఆహారము పెట్టి పెంచగ వానికి రికెట్స్ వచ్చెను. కాడ్ చేప నూనె పోయగ నయమయ్యెను. 1919లో ప్రకటితమైన ఈ ప్రయోగములు ఆహారవాదమునకు గొప్ప బలము చేకూర్చెను. అయితే ఆ కుక్కపిల్లలు ఎండ మొగమెఱుగవని అప్పుడెవ్వరును అంతగ పట్టించుకొనలేదు.

ఆ 1919లోనే బెర్లిన్ నగరమున కుర్ట్ హుల్ద్‌షిన్‌స్కి అను శిశువైద్యుడు మరియొక ప్రయోగము చేసెను. మొదటి ప్రపంచయుద్ధము అప్పుడే ముగిసినది. జర్మనీలో తిండిలేదు, బొగ్గులేదు. బిడ్డలు తెల్లబోయి యుండిరి. ఆయన నలుగురు రోగగ్రస్త శిశువులను ఎన్నుకొని, పాదరసపు ఆవిరితో వెలుగు క్వార్ట్జ్ దీపపు కాంతిని వారి శరీరములపై ప్రసరింపజేసెను. ఆ కాంతియందు అతినీలలోహిత కిరణములు మెండు. కంటికి కనబడని ఈ కిరణముల యునికిని 1801లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రిట్టర్ కనిపెట్టియుండెను. కొలది వారములలోనే ఆ శిశువుల యెముకలలో సున్నము చేరి గట్టిపడుట ఎక్స్‌రే ఛాయాచిత్రములందు కానవచ్చెను.

అంతకంటె చిత్రమేమనగా, ఒక చేతికి మాత్రమే కాంతి తగులజేసినను రెండుచేతుల ఎముకలును బాగుపడెను! కాంతి తగిలినది ఒకచోట, ఫలము మరియొకచోట. కావున ఎండ నేరుగ ఎముకపై పనిచేయుటలేదు. చర్మమున ఏదియో పుట్టి, రక్తముతో కలిసి, శరీరమంతట ప్రవహించుచున్నది. ఆ యేదియో యేమి?

వియన్నా నగరమున హారియట్ చిక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు, ఎల్సీ డాలియల్ మొదలగు సహచరులతో, యుద్ధానంతర దారిద్ర్యముచే నలిగిన శిశువులకు సేవచేయుచు ఇదే ప్రశ్నను పరిశీలించెను. అచ్చటి శిశువైద్యాలయాధిపతి క్లెమెన్స్ ఫాన్ పిర్కె రికెట్స్ అంటువ్యాధియని తలచువాడు. తనకు నమ్మకము లేకున్నను ఆమెకు తన వార్డులను, సిబ్బందిని అప్పగించెను. ఇది శాస్త్రజ్ఞులకు తగిన ఔదార్యము. శీతకాలమున మామూలు ఆహారము తిన్న శిశువులలో పలువురకు రికెట్స్ వచ్చెను. చేపనూనె త్రాగిన శిశువులకు రాలేదు. వేసవిలో ఎండకు పరుండబెట్టిన బిడ్డలకు నూనె లేకయే నయమయ్యెను. 1921లో న్యూయార్కున ఆల్ఫ్రెడ్ హెస్, లెస్టర్ అంగర్ అను వైద్యులు కూడ ఎండచేతనే ఈ వ్యాధి కుదురుటను ప్రకటించిరి.

అదే కాలమున అమెరికాలోని బాల్టిమోరున ఎల్మర్ మెకాలమ్ చేపనూనెను వేడిచేసి అందు గాలిని ప్రసరింపజేసెను. అందలి ‘ఎ’ విటమిను నశించెను. కంటివ్యాధిని మాన్పు శక్తి పోయెను. కాని రికెట్స్‌ను మాన్పు శక్తి చెక్కుచెదరలేదు. కావున ఇది వేఱొక పదార్థమని 1922లో తేలెను. ఎ, బి, సి అను అక్షరములు అంతకుముందే వినియోగమైపోయినందున దీనికి ‘డి’ అను అక్షరము దక్కెను.

ఇక రెండు త్రోవలు కలిసిన ఘట్టము. 1924లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హారీ స్టీన్‌బాక్, న్యూయార్కున హెస్, ఒకరితో ఒకరికి సంబంధము లేకయే, ఒక్క సంగతినే కనుగొనిరి. ఎలుకలపై అతినీలలోహిత కాంతి ప్రసరింపజేయనక్కరలేదు. అవి తిను ఆహారముపై ప్రసరింపజేసినను చాలును, ఆ యాహారమే మందగును! హెస్ మరియొక యడుగు ముందుకువేసి, కాంతి తగిలిన చర్మపు తునుకలను ఎలుకలకు తినిపించి, చర్మమునందే ఆ పదార్థము పుట్టుచున్నదని నిరూపించెను. ఎండయు చేపనూనెయు ఒకే మందునకు రెండు రూపములు. గ్లాస్గోవారును లండనువారును, ఉభయులును కొంతకొంత నిజమే పలికిరి.

స్టీన్‌బాక్ తన ఆవిష్కారమునకు పేటెంటు పొందెను; కాని దానిపై వచ్చు ధనము విశ్వవిద్యాలయ పరిశోధనలకు చెందునట్లు 1925లో ఒక ఫౌండేషను ఏర్పడుటకు కారకుడయ్యెను.

రసాయనజ్ఞులు విషయమును మరింత శోధించిరి. గోటింగెన్ నగరమున అడాల్ఫ్ విండౌస్ అను మహాశాస్త్రజ్ఞుడు స్టెరాల్ అను కొవ్వుజాతి పదార్థములపై పరిశ్రమించి, 1928లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము నందెను. శిలీంధ్రములందలి ఎర్గోస్టెరాల్ పై కాంతి సోకగ పుట్టునది డి2. మొదట డి1 అని పేరుపెట్టినది మిశ్రమమని తేలుటచే ఆ పేరు లుప్తమయ్యెను. మన చర్మమున పుట్టునది డి3. దీనికి మూలద్రవ్యము 7-డీహైడ్రోకొలెస్టరాల్ అని 1930 దశకమధ్యమున తేలెను. 1937లో దానిని పందిచర్మమునుండి వేఱుపరచిరి.

ఈ సందర్భమున తెలుగువారు గర్వింపదగిన ఒక సంగతి కలదు. రికెట్స్ రోగుల రక్తమున భాస్వరము తగ్గుననియు, దానిని కొలుచుట వ్యాధినిర్ణయమునకు అవసరమనియు 1921లో హౌలెండ్, క్రేమర్ అను అమెరికను వైద్యులు తెలిపిరి. అల్పమాత్రమైన రక్తమున భాస్వరమును సులువుగ కొలుచు రంగుపద్ధతిని 1925లో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించినవాడు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు. ఫిస్కే–సుబ్బారో పద్ధతి యను పేర అది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నింట చిరకాలము వాడబడెను.

మన దేశపు సాక్ష్యము

ఎండకు కొదువలేని మన దేశమున ఈ వ్యాధి యుండదని పామ్ వైద్యుని కాలమున తలచిరి. అది పూర్తిగ నిజము కాదు. 1922లో హచిసన్, షా అను వైద్యులు బొంబాయి ప్రాంతమున తాము చేసిన పరిశీలనలను ప్రకటించిరి. వారు చూచినది తలక్రిందుల చిత్రము. అరకొర తిండితో ఆరుబయట రెక్కలుముక్కలు చేసికొను పేదలలో రికెట్స్ లేదు. నేయిపాలు గల సంపన్నుల ఇండ్లలో, హిందువులలోనేమి ముస్లిములలోనేమి, ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలకును, నెలల తరబడి చీకటిగదులందు పెరుగు శిశువులకును ఈ వ్యాధి కలదు. తిండి కొరతకంటె వెలుతురు కొరత ఎంతటి కీడు చేయునో ఇంతకంటె స్పష్టముగ చెప్పు నిదర్శనము అరుదు.

పెద్దవారియందు ఇదే లోపము ఆస్టియోమలేషియా యను పేర ఎముకలను మెత్తబరచును. స్త్రీలయందు దీని ఫలితము దారుణము. కటివలయపు ఎముకలు మెత్తబడి లోనికి క్రుంగి ప్రసవమార్గము ఇరుకగును, బిడ్డ బయటపడలేదు, తల్లి బ్రతుకదు. కాశ్మీరమున వైద్యురాలుగ పనిచేసిన కాథలీన్ వాన్ 1928లో ప్రకటించిన గ్రంథమున ఘోషాకును ఈ మరణములకును గల సంబంధమును ఎత్తిచూపెను. డాగ్మార్ కర్జెల్ విల్సన్ అను మరియొక వైద్యురాలు ఉత్తరభారతమున ఈ వ్యాధివ్యాప్తిని పరిశీలించి 1931లో ప్రకటించెను. గడప దాటరాదను కట్టుబాటు, గాలికి వెలుతురుకు దూరమైన అంతఃపురము, ఎందరు తల్లుల ప్రాణములు తీసినవో లెక్కలకందదు. మన సంఘసంస్కర్తలు స్త్రీలను వెలుతురులోనికి రండని పిలిచినపుడు అది మనస్సునకు సంబంధించిన వెలుతురనియే మనము గ్రహించితిమి. శరీరమునకు సంబంధించిన వెలుతురు కూడ అందు ఇమిడియున్నది.

చర్మమునందలి రసాయనశాల

ఇప్పుడు ఈ పని జరుగు విధానమును చూతము. చర్మపు పైపొరయగు ఎపిడెర్మిస్ యొక్క లోతుకణములందు 7-డీహైడ్రోకొలెస్టరాల్ అను పదార్థము నిలువయుండును. శరీరము కొలెస్టరాల్ తయారుచేసికొను క్రమమున కడపటి మెట్టునకు ముందు మెట్టు ఇది. దీని అణువునందు ఉంగరములవంటి నాలుగు వలయములు కలవు. సూర్యకాంతియందు 290 మొదలు 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల అతినీలలోహిత కిరణములు దీనిపై పడగ, రెండవ వలయము పుటుక్కున తెగి విచ్చుకొనును. (నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు.) అట్లు విచ్చుకొన్నదానికి ప్రీవిటమిన్ డి3 అని పేరు. ఇది నిలుకడలేనిది, శరీరపు వేడిమిచే కొన్నిగంటలలో తన యాకృతి మార్చుకొని విటమిన్ డి3గ పరిణమించును. అనగా మొదటిపని వెలుతురుది, రెండవపని వేడిమిది. ఈ క్రమము మానవచర్మమున జరుగు తీరును మైకేల్ హోలిక్, ఆయన సహచరులు 1980లో వివరించిరి.

ఎండలో ఎక్కువసేపు నిలిచిన ఈ విటమిను మితిమీరి హానిచేయదా యను సందేహము కలుగవచ్చును. ప్రకృతి ఇందులకు చక్కని కట్టుబాటు చేసినది. మూలద్రవ్యమున సుమారు 15 శాతమునకు మించి ప్రీవిటమిను కానేరదు. అటుపై పడు కాంతి ఆ ప్రీవిటమినును ల్యూమిస్టెరాల్, టాకిస్టెరాల్ అను పదార్థములుగ మార్చివేయును. ఇవి డి విటమినువలె పనిచేయవు. కావున ఎండవలన డి విటమిను అధికమై విషమగుట లేదు. మందుబిళ్ళలకు ఈ కట్టుబాటు లేదు. 1950 దశకమున బ్రిటనులో పాలపొడిలోను, ఇతర శిశ్వాహారములలోను డి మోతాదు మించుటచే కొందఱు శిశువుల రక్తమున కాల్షియము ప్రమాదకరముగ పెరుగగ, ప్రభుత్వము మోతాదును తగ్గింపవలసివచ్చెను.

చర్మమున పుట్టిన డి3 వెంటనే పనికిరాదు. అది రక్తములోని ఒక ప్రోటీను వెంట కాలేయమునకు పోయి ఒక మార్పు పొందును. అచ్చటినుండి మూత్రపిండములకు పోయి రెండవ మార్పు పొందును. కాలేయమున జరుగు మార్పును 1968లో డెలూకా బృందము, మూత్రపిండముల పాత్రను 1970లో కేంబ్రిడ్జిలోని ఫ్రేజర్, కోడిచెక్ బయలుపరచిరి. ఈ చివరి రూపమే ప్రేగులకు ఆజ్ఞయిచ్చి ఆహారమునుండి కాల్షియమును గ్రహింపజేయును. ఫైలు ఒక సెక్షనునుండి మరియొక సెక్షనునకు పోయి, రెండు సంతకములు పడిన పిదపనే ఉత్తరువు అమలగునట్లు! ఇట్లు శరీరమే పుట్టించుకొని, దూరాంగములపై పనిచేయు పదార్థమును హార్మోను అనుట న్యాయము. విటమిను అను పేరు చరిత్రవశమున నిలిచిపోయినది.

ఎండ యున్నచోట ఎండ కఱవు

ఆ కిరణములు నేలకు చేరుటకు అడ్డంకులు పెక్కు. వాతావరణమందలి ఓజోను పొర వానిని చాలవరకు పీల్చుకొనును. సూర్యుడు నడినెత్తిన ఉన్నపుడు త్రోవ పొట్టి; ఉదయసాయంకాలములందు కిరణములు ఏటవాలుగ వచ్చుటచే త్రోవ పొడవు, అందుచే అవి త్రోవలోనే హరించిపోవును. అమెరికాలోని బోస్టన్ నగరమున నవంబరునుండి ఫిబ్రవరివరకు ఎంతసేపు ఎండలో నిలిచినను చర్మమున ఈ పదార్థము పుట్టదని 1988లో తేలెను. మన తిరుపతిలో మూలద్రవ్యమును గాజుగొట్టములందుంచి గంటగంటకు ఎండకు పెట్టి చేసిన పరిశీలన 2013లో ప్రచురితమైనది. పగలు పదునొకండు గంటలనుండి రెండుగంటలవరకు మార్పు ఎక్కువగ జరుగుచున్నదని అందు తేలినది. లేతయెండ ఒంటికి మంచిదను మన నమ్మకమునకు ఇది కొంచెము ఎదురు పోవుచున్నది. లేతయెండ హాయినిచ్చును, సందేహము లేదు; కాని డి విటమిను విషయమున అది పేదయెండయే. మన నీడ మనకంటె పొట్టిగ నున్నపుడే చర్మము ఈ పనిని చక్కగ చేయునని తెలియవలెను.

రెండవ అడ్డంకి చర్మపు రంగు. మెలనిన్ అను నల్లని వర్ణకము మనలను తీవ్రమైన యెండనుండి కాపాడు గొడుగు. ఆ గొడుగే ఈ కిరణములను కూడ కొంత ఆపును. కావున నల్లనివారికి అదే మోతాదు పుట్టుటకు ఎక్కువసేపు ఎండ కావలెను. బ్రిటనునకు వలసపోయిన మన ఉపఖండవాసులకు ఇది అనుభవైకవేద్యమయ్యెను. గ్లాస్గోలో పాకిస్తానీ కుటుంబములందు రికెట్స్, ఆస్టియోమలేషియా కనిపించుచున్నవని 1962లో డన్నిగన్ మున్నగు వైద్యులు తెలిపిరి. బ్రిటనున రూపుమాసెననుకొన్న వ్యాధి మనవారి ఇండ్ల తిరిగి తలయెత్తినది.

మూడవది పొగ. 2002లో ప్రకటితమైన ఒక పరిశోధనయందు, ఢిల్లీలో కాలుష్యము దట్టమైన మోరీగేటు ప్రాంతపు పసిబిడ్డలకు, కాలుష్యము తక్కువగనున్న గుర్‌గావ్ బిడ్డలకంటె డి విటమిను తక్కువగ నుండెనని తేలెను. పదునేడవ శతాబ్దపు లండను ఆకాశమే ఇరువదియొకటవ శతాబ్దపు ఢిల్లీపై వచ్చి నిలిచినదా యనిపించును. 2000లో వెలువడిన మరియొక ఢిల్లీ పరిశీలనలో, ఆరుబయట కవాతుచేయు సైనికులకు ఈ విటమిను మెరుగుగను, ఇతరుల యారోగ్యమును కాపాడు వైద్యులకు, నర్సులకు మిక్కిలి తక్కువగను ఉండెను. తిరుపతి ప్రాంతపు పరిశీలనలందు పొలముపని చేయువారికి పట్టణవాసులకంటె ఎక్కువగ నున్నను, పల్లెలయందును లోపము గలవారు ఎందరో కనబడిరి. 2018లో అమలునకు వచ్చిన ఆహారప్రమాణముల నిబంధనలు పాలు, వంటనూనెలయందు ఎ, డి విటమినులను కలుపుటకు వీలు కల్పించినవి. గొఱ్ఱె ఉన్నినుండి తీసిన జిడ్డునుండి మూలద్రవ్యమును తయారుచేసి, దానిపై దీపకాంతిని ప్రసరింపజేసి డి3ను నేడు కర్మాగారములందు తీయుచున్నారు. హుల్ద్‌షిన్‌స్కి దీపము ఇంకను వెలుగుచునేయున్నదన్నమాట.

నాలుగవది అద్దము. ఇది నా ఇంటి కథ. మా తల్లిగారు ఊరినుండి వచ్చిన క్రొత్తలో, దుమ్మువలన ఆమెకు దగ్గు రాకుండుటకై, మా బాల్కనీకి నేనే అద్దములు బిగింపించితిని. అచ్చట కుర్చీ వేయించితిని. ఆమె రోజంతయు అద్దము వెనుక కూర్చుండి, "ఎండ హాయిగా ఉందిరా" అనుచుండెను. వెచ్చదనము అద్దమును దాటి వచ్చుచుండెను. కాని ఎముకకు వలయు ఆ కిరణములను మామూలు అద్దము ఆపివేయునని నాకు తెలియదు. ప్రేమతో బిగించిన అద్దములే ఆమెకు ఘోషా యైనవి. వైద్యుడు "ఎక్కడ కూర్చుందురు?" అని అడిగినపుడు నేను తల వంచుకొంటిని.

మన పెద్దలు ఆరోగ్యమును సూర్యునినుండి కోరవలెననిరి. రథసప్తమినాడు తలపై జిల్లేడాకులుంచుకొని స్నానముచేసి ఆరుబయట పాయసము వండుదుము. అరసవల్లి స్వామికి మ్రొక్కుదుము. పూర్వులకు విటమిను తెలియునని నేను చెప్పబోను. అట్లు చెప్పుట శాస్త్రమునకును సంప్రదాయమునకును గౌరవము కాదు. అయితే సంవత్సరమునకొక దినమైన సూర్యునికెదురుగ నిలుచు అలవాటును వారు మనకు మిగిల్చిరి. ఆ అలవాటును కొంచెము విస్తరించుకొనుట మన చేతిలోని పని.

రోళ్ళు పగులు రోహిణికార్తె యెండలో నిలువుమని దీని యర్థము కాదు. ఒడలు కమలునంతవరకు ఉండనక్కరలేదు. ఎముకనొప్పి గలవారు వైద్యుని సలహా తీసికొనవలెను; బిళ్ళలను తమంత తాము మ్రింగరాదు. కాని శీతకాలపు మధ్యాహ్నమున మన కార్యాలయముల ముందరి పచ్చికబయళ్ళపై, భోజనవిరామమున వేరుసెనగకాయలు ఒలుచుకొనుచు, స్వెట్టర్లు అల్లుకొనుచు కూర్చుండు సహోద్యోగులను చూచి, మన తెలుగువారు కొందఱు "పని లేదా వీరికి?" అని నవ్వుట నేను విన్నాను. నేనును నవ్వినవాడనే. వారు చేయుచున్న పని యేమో ఇప్పుడు తెలిసినది.

వైద్యుడిచ్చిన మందుతో కొన్ని నెలలలో మా తల్లిగారికి నొప్పులు తగ్గినవి. బాల్కనీ అద్దములను తీయించివేసితిని. ఇప్పుడామె చలికాలమున మధ్యాహ్నపువేళ క్రింది పార్కులో పంజాబీ, బెంగాలీ ముత్తైదువులతో కూర్చుండి బఠాణీలు ఒలుచును. వారి భాష ఆమెకు రాదు, ఆమె భాష వారికి రాదు. మొన్న నేను ఆఫీసునుండి పెందలకడ వచ్చి పిలువగ, కదలకయే అన్నది: "ఉండరా, ఇంకా నీడ పొట్టిగానే ఉంది."